చెట్టు తల నరికితే తుఫాను ముప్పు తప్పదు

సెప్టెంబరు వచ్చేసరికి విశాఖలో అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులన్నిటిలోకీ ఒక సందేశం వచ్చి పడుతుంది. ఎవరు రాశారో తెలియదు. ఏటా ఒకటి రెండు మాటలు కొత్తగా చేరతాయి గానీ అసలు సరుకు మారదు. తుఫానుల కాలానికి ముందే చెట్టును చూసుకోండి. చెట్టు తలను సగానికి నరికించండి, అప్పుడు గాలి పట్టదు. కోసిన చోట తారు గానీ సిమెంటు గానీ పూయండి. తొర్ర ఉంటే సిమెంటు కంకరతో నింపండి. గోడకు అడ్డొచ్చే వేర్లు కొట్టేయండి, తల్లివేరు ఉన్నంతకాలం చెట్టు పడదు. కొబ్బరికి కింది మట్టలన్నీ తీయించండి. కొసలు ఎండిన వేప ఇక బతకదు, నరికేయండి. ఈ పనులకు గొడ్డలి ఉన్న మనిషి ఒకడు చాలు. ఇదీ ఆ సందేశం.

పదిహేడేళ్లుగా ఈ ఊళ్లో చెట్లెక్కి కొమ్మలు తీసే పని చేస్తున్నాను. మా తాత తాటిచెట్లు గీసేవాడు. మోకు వేసుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ సందేశం చూపించి నన్ను పనికి పిలిచేవాళ్లు ఏటా పదిమందైనా ఉంటారు. వాళ్లను తప్పు పట్టను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానును కళ్లారా చూసినవాళ్లకు కిటికీ పక్కన పెద్ద చెట్టు ఉంటే గుండె దడగానే ఉంటుంది. కానీ ఈ సందేశం చెప్పినట్టు చేస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

మొదటిది, తల నరకడం. గాలి పట్టేది ఆకు కాబట్టి ఆకు తీసేస్తే సరిపోతుందన్న మాట వినడానికి సబబుగానే ఉంటుంది. నరికిన ఏడాది నిజంగానే గాలి పట్టదు. ఆ తర్వాత జరిగేదే ఎవరూ చూడరు. చెట్టుకు వంటిల్లు ఆకే. వంటిల్లు మొత్తం పోయిన చెట్టు, మానులోనూ వేర్లలోనూ దాచుకున్న తిండినంతా ఒక్కసారిగా తీసి గుత్తులు గుత్తులుగా చిగుళ్లు తోస్తుంది. అది చూసి "చూశారా, ఎంత ఏపుగా వచ్చిందో" అంటారు. మామూలు కొమ్మ మానుతో కలిసి ఏళ్ల తరబడి లావవుతుంది, దాని మొదలు మాను లోపలికంటా దిగి ఉంటుంది. ఈ కొత్త చిగురు అలా కాదు. బెరడు కిందున్న పైపొర నుంచి పుట్టి, పైపైన అతుక్కుని ఉంటుంది. నాలుగైదేళ్లలో అది తొడంత లావవుతుంది. ఈలోగా నరికిన మోడు పై నుంచి పుచ్చుతూ వస్తుంది. పుచ్చిన మోడు అంచున అంత బరువు వేలాడుతుంటే, తుఫాను దాకా అక్కర్లేదు, వైశాఖంలో వచ్చే ఈదురుగాలి చాలు.

హుద్‌హుద్ తర్వాత భయంతో తల నరికించిన తురాయి ఒకటి మద్దిలపాలెం వైపు ఒక కాలనీలో ఉండేది. అయిదో ఏట ఒక సాయంత్రపు గాలికి దాని కొత్త కొమ్మ ఊడి ఆటో మీద పడింది. అదృష్టం, లోపల మనిషి లేడు. నేను వెళ్లి చూస్తే కొమ్మ విరగలేదు, మొదలంటా ఊడొచ్చింది. ఊడిన చోట అరచేతి మందం చెక్క కూడా లేదు.

హుద్‌హుద్ గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. తుఫాను కన్ను ఊరి మీదుగానే పోయింది. మొదట ఒక దిక్కు నుంచి కొట్టి, కాసేపు తెరిపిచ్చి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొట్టింది. అంత గాలికి మంచి చెట్లు కూడా పడ్డాయి, కాదనను. తురాయి, పచ్చసుంకేసుల లాంటివి పెళుసు చెక్క, పైపై వేర్లు. అవి వరసగా పోయాయి. నిండు తలతో ఉన్న చింతలు మాత్రం ఆకంతా రాల్చుకుని, సన్న కొమ్మలు పోగొట్టుకుని, మాను చెక్కుచెదరకుండా నిలబడినవి చాలా చూశాను. గాలికి ఊగి బరువు దింపుకోవడం చెట్టుకు తెలుసు. ఊగే సన్నకొమ్మలు నరికేసి బిరుసు మోడు మిగిల్చితే ఆ వీలు పోతుంది.

అయితే ఏం చేయాలి? బాగా సాగిపోయిన కొమ్మను దాని మీదున్న గట్టి పిల్లకొమ్మ దాకా తగ్గించాలి. ఆ పిల్లకొమ్మే కొత్త కొస అవుతుంది. ఒక ఏడాదిలో మొత్తం ఆకులో పావు వంతుకు మించి తీయకూడదు. లోపలి కొమ్మలన్నీ దువ్వేసి చివర కుచ్చు మాత్రం ఉంచే పద్ధతి ఒకటుంది, చూడటానికి శుభ్రంగా కనిపిస్తుంది. అదీ చెడ్డదే. బరువంతా చివరకు చేరి కొమ్మ మధ్యకు విరుగుతుంది. సరుగుడు సంగతి మరీ వేరు, ముదురు మాను దాకా నరికితే దానికి చిగురే రాదని లెక్క.

రెండోది, తారు పూయడం. ఇది మంచి మనసుతో చేసే తప్పు. గాయానికి మందు రాసినట్టు అనుకుంటారు. మన ఒంట్లో చచ్చిన కణాల చోట కొత్తవి పుట్టి గాయం మానుతుంది. చెట్టులో అలా జరగదు. దెబ్బ తిన్న చెక్క చుట్టూ చెట్టు లోలోపల అడ్డుగోడలు కట్టుకుని, కుళ్లును అక్కడే బంధించి, పైన కొత్త చెక్కతో మూసేస్తుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి దీన్ని తేల్చాడు. పూతలు కుళ్లును ఆపవని చెప్పిందీ ఆయనే. మన ఎండకు తారు పగులుతుంది, పగుళ్లలో వాన నీరు దిగుతుంది, ఆ చెమ్మ ఆరదు. శిలీంధ్రానికి అంతకంటే ఏం కావాలి?

పూతకు పెట్టే శ్రద్ధ కోతకు పెట్టండి. కొమ్మ మొదట్లో, అది మానును కలిసే చోట, మెడలా కాస్త ఉబ్బిన పట్టీ ఉంటుంది. చెట్టు గోడ కట్టేది అక్కడే. మానుకు నున్నగా ఆనించి కోస్తే ఆ మెడ పోతుంది. జానెడు మిగిల్చి కోస్తే ఆ ముక్క చచ్చి కుళ్లుకు దారి ఇస్తుంది. మెడకు అడుగు దూరంలో మొదట కింది నుంచి పావు వంతు కోయాలి. దానికి రెండంగుళాలు అవతల పై నుంచి కోస్తే కొమ్మ బరువు దిగిపోతుంది, బెరడు మాను దాకా చీరుకుపోదు. మిగిలిన ముక్కను చివరగా మెడకు బయట కోయాలి. ఒక్క వేటుకు నరికితే కొమ్మ వాలుతూ వాలుతూ మాను బెరడును బారెడు ఒలుచుకుపోతుంది.

తొర్రలో సిమెంటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు. రెండూ ఒరుసుకుని లోపలి గోడలు చిట్లుతాయి, నీరు నిలుస్తుంది. పైగా ఏదో ఒకరోజు నాలాంటివాడు రంపం మిషను పెడితే గొలుసు తెగి ముఖం మీదకు వస్తుంది. నాకు ఒకసారి వచ్చింది, ముఖానికి అద్దం ఉండబట్టి బతికాను. బోలు చెట్టు అనగానే పడిపోయే చెట్టని అర్థం కాదు. గొట్టం కూడా గట్టిదే. చుట్టూ గట్టి చెక్క మందం, మాను వ్యాసార్ధంలో మూడో వంతు దాకా ఉంటే మేం సాధారణంగా తొందరపడం. అంతకంటే పలచనైతేనో, తొర్ర ఒక పక్క తెరుచుకుని ఉంటేనో ఆలోచిస్తాం.

ఇక వేర్లు. ఈ సందేశంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇదే, ఎందుకంటే దీని ఫలితం కంటికి కనబడదు. పెద్ద చెట్టును నిలబెట్టేది తల్లివేరని చిన్నప్పుడు బొమ్మల్లో చూసి అందరం నమ్మాం. మొక్కగా ఉన్నప్పుడు అది నిజం. పెరిగిన చెట్టులో వేర్లలో ఎక్కువ భాగం పై రెండు మూడు అడుగుల మట్టిలోనే పరుచుకుని, కొమ్మల నీడ దాటి పోతాయి. మన ఊరు చూడండి, పైన కాస్త ఎర్రమట్టి, కిందికి పోతే ఖొండలైట్ రాయి. కొండ వాలు కాలనీల్లో అయితే గునపం రెండడుగులు దిగేసరికి ఖంగుమంటుంది. వేరు ఎంత లోతుకని పోతుంది? షామియానాకు తాళ్లు ఎలాగో చెట్టుకు పక్కవేర్లు అలాగ. కాలువకని ఒక వైపు, కేబులుకని ఒక వైపు, ప్రహరీకని ఇంకో వైపు తాళ్లు కోసేసి, గుంజ ఉంది కదా అంటే షామియానా నిలుస్తుందా? హుద్‌హుద్ తర్వాత నేను దుంగలు కోసిన పడిపోయిన చెట్లలో ఒక పక్క వేర్లు గొడ్డలితో కొట్టినట్టు తిన్నగా తెగి, తెగిన చోట నల్లగా పుచ్చి ఉన్నవి ఎన్నో. ఆ కోత పడింది ఎన్నో ఏళ్ల ముందు. తుఫాను వచ్చి లెక్క తేల్చింది, అంతే. మొదలు దాకా కాంక్రీటు పోసేసినా అంతే సంగతి, వేరుకు గాలి, నీరు అందవు.

కొబ్బరి మాట. ఎండిన మట్టలు తీయించండి, మంచిదే. పచ్చివి ముట్టుకోకండి. కొబ్బరికి ఏటా పన్నెండు చొప్పున మట్టలు వస్తాయి, ఒక్కో మట్ట చంకలోనే ఒక్కో గెల పుడుతుంది, ఆ గెల బరువు ఆనేదీ మట్ట మీదే. గాలి పట్టకుండా తల బోడి చేసిన చెట్టుకు పిందె నిలవదు. ఎక్కడానికి వీలుగా మాను మీద గాట్లు పెట్టడం కూడా మానాలి. కొబ్బరి, తాటి మానులు మిగతా చెట్లలా లావెక్కవు, గాటును మూసే పొర వాటికి లేదు. ఈ రోజు పెట్టిన గాటు చెట్టు బతికినంతకాలం ఉంటుంది. మొవ్వు ఒక్కటే, అది తెగితే చెట్టు పోయినట్టే.

ఎండిన వేపల సంగతి కొత్తగా చేరింది. 2021లో తెలంగాణలోనూ మన వైపునా వేపచెట్లు కొసల నుంచి మాడినట్టు ఎండిపోవడం అందరూ చూశారు. అది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని, తేయాకు దోమ అనే పురుగు చేసే గాట్లు కూడా దానికి తోడవుతాయి. మానులో పచ్చిదనం ఉన్న వేప మళ్లీ చిగురిస్తుంది. గోటితో బెరడు కాస్త గీకి చూడండి, కింద పచ్చగా ఉంటే ఆగండి. ఇంటి ముందు వేపను అనుమానంతో కొట్టించుకుని తర్వాత పక్కింటి వేప చిగురేస్తే ఏడ్చిన పెద్దావిడను నేనెరుగుదును.

చివరిది, గొడ్డలి ఉన్న మనిషి ఒకడు చాలన్న మాట. ఇది చెట్టుకు కాదు, మనిషికి ప్రమాదం. తుఫాను మర్నాడు పడి ఉన్న చెట్టు చచ్చిన పాములా కనిపిస్తుంది, కానీ దాని కొమ్మలు వంగి, బిగిసి ఉంటాయి. బిగువున్న వైపు తెలియక కోస్తే కొమ్మ గుర్రంలా తన్నుతుంది. వేళ్లతో సహా పెకలిన చెట్టు మానును కోయగానే, బరువు తగ్గిన వేరు దిమ్మ ఒక్కోసారి లేచి మళ్లీ తన గోతిలో కూర్చుంటుంది. ఆ గోతిలో పిల్లలు ఆడుకుంటుంటారు. 2014లో నేను మొదట చేసిన పని రంపం తీయడం కాదు, గోతి చుట్టూ తాడు కట్టి ఒక మనిషిని కాపలా పెట్టడం. కరెంటు తీగలకు తగిలిన కొమ్మ అయితే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగలో కరెంటు ఆపించడం) తీసుకున్నాడని అతని నోట వినే దాకా చెట్టు ముట్టుకోం. వీధిలో కరెంటు లేదు కదా అని ఎక్కేవాళ్లున్నారు. ఎవరింట్లోనో జనరేటరు తప్పుగా కలిపి ఉంటే అది వెనక్కి తీగలోకి వస్తుంది. ఈ పనికి పైన ఒకడు, కింద తాడు పట్టేవాడు ఒకడు, దారిన పోయేవాళ్లను ఆపేవాడు ఒకడు, ముగ్గురు లేనిదే నేను బయల్దేరను.

సందేశంలో లేని మాట ఒకటి. చెట్టు మొత్తం కొట్టాలంటే, మన స్థలంలో ఉన్నదైనా సరే, అనుమతి కావాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, వాల్టా, అందుకే ఉంది.

ఆ సందేశంలో ఒప్పుకోవలసిన మాట కూడా ఒకటుంది, తుఫానుల కాలానికి ముందే చెట్టును చూసుకోమన్నది. కాకపోతే సెప్టెంబరు హడావుడి వద్దు. మాఘ ఫాల్గుణాల్లో తురాయి లాంటివి ఆకు రాల్చి ఉంటాయి, కొమ్మల తీరంతా కంటికి కనిపిస్తుంది. మొదట్లో పుట్టగొడుగులున్నాయా, ఒక పక్క నేల పగిలి లేచిందా, రెండు పెద్ద కొమ్మలు కలిసే పంగలో బెరడు లోపలికి ముడుచుకుందా చూడండి. ఈ మూడింటిలో ఏదున్నా చెట్టెక్కేవాణ్ని పిలవండి.

మొన్న సీతమ్మధారలో ఒకావిడ ఈ సందేశమే చూపించి, "బాబూ, ఈ నిద్రగన్నేరు తల సగానికి తీసేయండి" అన్నారు. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాను, ఎక్కి పంగలన్నీ తట్టి చూశాను. ఎండు కొమ్మలు రెండు తీశాం. పార్కింగ్ షెడ్డు మీదకు సాగిన కొమ్మను పిల్లకొమ్మ దాకా ఆరడుగులు తగ్గించాం. మొదలు చుట్టూ పోసిన కాంక్రీటు పగలగొట్టి మట్టి తేల్చాం. తల జోలికి పోలేదు.