నా ఒంటిగంట తలనొప్పి

ఆఫీసులో విశ్వాసాన్ని ఎలా దాచుకోవాలో చెప్పే అర్హత నాకున్నంతగా ఇంకెవరికీ లేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. 11 ఏళ్ళుగా ఒకే సీటులో కూర్చుంటున్నాను, నేను క్రైస్తవుణ్ణన్న సంగతి పక్క సీటుకి కూడా పొక్కనివ్వలేదు. గూఢచారులకిచ్చే పతకాలు మాలాంటివాళ్ళకీ ఇవ్వాలి, కాకపోతే ఇచ్చేటప్పుడు ఎందుకిస్తున్నారో మైకులో చెబుతారు, అదో తలనొప్పి.

తలనొప్పి అంటే గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి బాక్సు మూత తీసేముందు ప్రార్థన చేసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. మానేద్దామంటే మనసొప్పదు, నలుగురి ముందు కళ్ళు మూసుకుని చేతులు జోడిద్దామంటే మొహమాటం. అందుకని మధ్యేమార్గంగా ఒక భంగిమ కనిపెట్టాను. మోచేయి బల్లమీద ఆనించి, బొటనవేలూ చూపుడువేలుతో కణతలు నొక్కుకుంటూ, లోకంలోని బాధలన్నీ నా ఒక్కడికే వచ్చినట్టు కళ్ళు మూసుకోవాలి. 20 సెకన్లు. ఆమేన్ దగ్గర ఒక నిట్టూర్పు. చూసినవాళ్ళు అయ్యో పాపం అనుకుంటారే గానీ అమ్మో భక్తుడు అనుకోరు. ఒక్కటే ఇబ్బంది, ఎదురుగా కూర్చునే ఆవిడది జాలిగుండె. నాకు తలనొప్పి వచ్చినప్పుడల్లా బ్యాగులోంచి మాత్ర తీసి నా బాక్సు పక్కన పెడుతుంది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి కదా, థాంక్సండీ అని తీసుకుని సొరుగులో వేస్తున్నాను. లైసెన్సు లేదు గానీ ఆ సొరుగు ఇప్పుడొక మందుల షాపు.

ఇక ఆదివారం డ్యూటీలు. అమెరికాలో గెరాల్డ్ గ్రాఫ్ అనే పోస్టల్ ఉద్యోగి, ఆదివారం నాకు ఆరాధన దినం, ఆ రోజు పార్సిళ్ళు పంచను అని పట్టుబట్టి, చివరికి ఉద్యోగమే వదులుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2023లో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటమీద ఆయన వైపు మొగ్గారు. ఉద్యోగి విశ్వాసానికి వెసులుబాటు ఇవ్వలేమని చెప్పాలంటే ఏదో కాస్త ఖర్చవుతుందనడం చాలదు, వ్యాపారానికి చెప్పుకోదగ్గ భారం పడుతుందని సంస్థే చూపించాలన్నారు. గొప్ప తీర్పే, కాదనను. కానీ దానికోసం అన్నేళ్ళు, అంతమంది లాయర్లు ఎందుకండీ? నేనైతే 'బంధువుల ఇంట్లో ఫంక్షన్' అని మెసేజ్ పెడతాను, మేనేజరు ఓకే అంటాడు. ఆయన లెక్కలో మా వంశంలో ప్రతి ఆదివారం పొద్దున్న పదింటికి ఎవరో ఒకరి పెళ్ళి జరుగుతూనే ఉంటుంది. ఇందులో అబద్ధం కూడా లేదని నా వాదన. చర్చి సంఘంలో అందరూ బ్రదర్లూ సిస్టర్లే అయినప్పుడు అది బంధువుల ఇల్లు కాక మరేమిటి?

అలాగే సిలువ. 2006లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో పనిచేసే నాడియా ఎవైడా చిన్న వెండి సిలువని యూనిఫాం పైకి కనిపించేలా వేసుకుంటానంటే, కుదరదని జీతం లేకుండా ఇంటికి పంపారు. కంపెనీ మరుసటి ఏడాదే రూలు మార్చుకుంది గానీ పోయిన జీతం ఇవ్వలేదు, ఆవిడ ఊరుకోలేదు. 2013లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆవిడ పక్షాన తీర్పు చెప్పి 2,000 యూరోల పరిహారం ఇప్పించింది. తమాషా ఏమిటంటే, మెడలో సిలువ గొలుసు తీయనన్న ఒక నర్సు అదే తీర్పులో ఓడిపోయింది. ఏ రోగైనా గొలుసు పట్టుకుని లాగితే ప్రమాదమన్న ఆసుపత్రి మాటకి కోర్టు విలువిచ్చింది. అంటే చొక్కా పైన సిలువ వేసుకోవాలంటే ఇంత న్యాయశాస్త్రం చదువుకోవాలన్నమాట. నా సిలువ బనియను కింద ఉంటుంది, ఇంతవరకూ ఏ జడ్జిగారికీ పని పెట్టలేదు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా నోరు మాత్రం మన మాట వినదు. ఒకరోజు పాస్టరుగారు ఫోన్ చేస్తే అలవాటుకొద్దీ "వందనాలండీ" అనేశాను. ఎవరు సార్ అన్నాడు పక్క సీటు కుర్రాడు. బ్యాంకు వాళ్ళన్నాను. బ్యాంకు వాళ్ళకి వందనాలేంటి సార్ అన్నాడు. లోను అడిగాను, ఆమాత్రం మర్యాద ఉండాలన్నాను. ఇంకోసారి ఇన్సూరెన్సు వాళ్ళన్నాను. యేసు శిష్యుడు పేతురుకి జరిగిందీ ఇదే కదా, యేసుని బంధించిన రాత్రి చలిమంట దగ్గర ఆయన్ని పట్టించింది మాటతీరే, నీ యాసే చెబుతోంది నువ్వూ వాళ్ళలో ఒకడివేనని నిలదీశారు. యేసెవరో తెలీదని మూడోసారి బొంకేసరికి కోడి కూసింది. మా ఆఫీసు ఏడో అంతస్తులో ఉండటం ఆ రకంగా నాకు కలిసొచ్చింది.

దీపం వెలిగించి కుంచం కింద పెట్టరు బ్రదర్, అని మా సంఘంలో ఒకాయన నన్ను గద్దిస్తూంటాడు. ఒప్పుకుంటాను. కానీ ఆయన మా ఆఫీసుకి వచ్చి, దీపం పైకెత్తి పట్టుకున్న మనిషిని ఒక్క వారం చూడాలి. పేరెందుకు గానీ, వెలుగుగారు అనుకుందాం. మొన్న ఆయన దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఆలస్యానికి కారణం తాను కాదట, ఫలానా అమ్మాయి ఫైలు పంపలేదట, ఇంతకుముందు కూడా ఇలాగే మూడుసార్లు చేసిందట, ఏ రోజు ఎన్ని గంటలకో కూడా రాశాడు, పై అధికారులు ఆరుగురికి కాపీ పెట్టాడు. దాని కింద సంతకం, సంతకం కింద నీలిరంగు వాలు అక్షరాల్లో వాక్యం: ప్రేమ అపకారమును మనస్సులో ఉంచుకొనదు.

నిజమే మరి, మనస్సులో ఎక్కడ ఉంచుకున్నాడు, మెయిల్లో పెట్టేశాడుగా.

ఆయన ఇవ్వాల్సిన రిపోర్టు ఒకటుంది. ప్రభువు చిత్తమైతే రేపు పంపిస్తానని మూడు వారాలుగా అంటున్నాడు. అది ప్రభువు చిత్తం కాదని మా మేనేజరుకి కూడా ఈమధ్య అర్థమైపోయింది, ఆయన దేవుణ్ణే నమ్మడు పాపం. గట్టిగా అడిగితే వెలుగుగారు, కిటికీ తెరిచి ప్రార్థన చేసినందుకు సింహాల గుహలో పడ్డ బైబిలు దానియేలుని తీస్తాడు, విశ్వాసం వల్లే నాకీ శ్రమలు అంటాడు. దానియేలుదీ ఉద్యోగమే, 120 మంది అధికారుల మీద నియమించిన ముగ్గురిలో ఆయనొకడు. ఆయన్ని దింపేయాలని సాటి ఉద్యోగులు ముందు వెతికింది పనిలో తప్పుల కోసం. ఒక్కటీ దొరక్కపోతే అప్పుడు కదా ప్రార్థన మీద పడ్డారు! మన కేసులో వాళ్ళకి అంత దూరం నడిచే శ్రమ ఉండదు, అటెండెన్సు దగ్గరే పనైపోతుంది. దానియేలు తెరిచిపెట్టిన కిటికీ ఒక్కటే చూశాం మనం, ఆయన బల్లమీద ఫైళ్ళు చూడలేదు.

ఇంతకుముందు పనిచేసినచోట ఒక పెద్దసారు ఉండేవాడు. ఆయన సరిగ్గా అప్రైజల్ వారంలో తన కిందివాళ్ళకి కరపత్రాలు పంచేవాడు, బలవంతమేమీ లేదు అంటూ. ఆ వారంలో ఇచ్చిన కరపత్రాన్ని చెత్తబుట్టలో వేసే ధైర్యం ఎవరికుంటుంది? రెండుసార్లు చదివి, బాగుంది సార్ అని వచ్చి చెప్పేవాళ్ళు. అంత భయభక్తులతో వినే శ్రోతలు ఏ సువార్త సభలోనూ దొరకరు. రేటింగులు వచ్చిన మర్నాడు ఆ కాగితాలు ఎక్కడ తేలేవో చెప్పను.

కాబట్టి వెలుగుగారి చేతిలో దీపం, నా చేతిలో కుంచం, ఇద్దరం కలిస్తే ఒక సెట్టు అని ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉన్నాను. పోయిన వారం ఎదురు కుర్చీ ఆవిడ బాక్సు తెరవకుండా కూర్చుంది.

"సార్, ఒకటడుగుతాను, ఏమనుకోరుగా. మీ తలనొప్పి సరిగ్గా మూత తీసేముందే వస్తుంది. మాత్ర వేసుకోకుండానే తగ్గిపోతుంది. పెదాలు కూడా కదులుతాయి."

నోట్లో ముద్ద లేకుండానే పొలమారింది. "మైగ్రేన్‌లో అదో రకమండీ" అన్నాను. బ్యాంకు, ఇన్సూరెన్సు, ఇది మూడోది.

"ఏ రకమైనా ఫర్వాలేదు సార్. రేపు మా అమ్మకి ఆపరేషన్, నేను సెలవు పెట్టాను. రేపు మీకు నొప్పి వచ్చినప్పుడు మా అమ్మని కూడా కాస్త తలుచుకోండి."

ఏమనాలో తోచక, "మరి వెలుగుగారికి చెప్పలేదా?" అన్నాను.

"అమ్మో, ఆయనకి చెబితే అందరికీ మెయిల్ పెడతారండీ."

అమ్మగారి పేరు అడిగాను. చెప్పింది. లేచి వెళ్ళబోతూ, అలవాటుకొద్దీ మాత్ర తీసి నా బాక్సు పక్కన పెట్టింది.

మర్నాడు ఒంటిగంటకి ఎదురు కుర్చీ ఖాళీ. మోచేయి బల్లమీద ఆనించబోయి, నటించడానికి ఎదురుగా మనిషే లేనప్పుడు ఇదెందుకని మామూలుగానే రెండు చేతులూ జోడించి తల వంచాను. 20 సెకన్లు చాలలేదు, రెండు నిమిషాలు పట్టింది. కళ్ళు తెరిచేసరికి పక్క సీటు కుర్రాడు వంగి నా మొహంలోకి చూస్తున్నాడు.

"ఏంటి సార్, ఇవాళ కడుపునొప్పా?"