బంతి ఒక్కటే చాలదండీ

పక్షవాతం వచ్చిన చేతికి రబ్బరు బంతి నొక్కిస్తే బలం వస్తుందని ఒకరు రాశారు. మాది కావలి. నిరుడు మా నాన్నకు కుడి పక్క పడిపోతే మేమూ బంతే నొక్కించాం. వేళ్లు ఇంకా బిగుసుకుపోయాయి. ఫిజియోథెరపిస్టు చూసి, ఇలా బిగువున్న చేతికి ముడవడం కన్నా తెరవడం నేర్పించాలన్నారు. అప్పట్నుంచి రోజూ చేటలో వేరుశనక్కాయలు పోసి ముందు పెడుతున్నాం. ఒక్కో కాయ తీసి, గిన్నె మీద వేళ్లు చాచి వదలాలి. మొదటిరోజు నాలుగు కాయలకే ఆయనకు చెమటలు పట్టాయి. ఇప్పుడు అమ్మకు చిక్కుడుకాయల ఈనెలు తీసిస్తున్నారు!

ఇంకో మాట. పడిపోయిన చేయి పట్టుకుని లాగి లేపకండి, భుజం కీలు జారొచ్చు. తెలియక మేం అలాగే లేపాం. నెలరోజులు నొప్పితో నిద్రపోలేదు పాపం.