గండికోట అద్దె ఇంటికి చైనా దిక్సూచి

వేసవి సెలవుల్లో బంధువులంతా కలిసి రెండు మూడు రోజులు గడపడానికి గండికోట, అహోబిలం, ఓర్వకల్లు చుట్టుపక్కల అద్దె ఇళ్లు వెదికేవారి వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. ఇంటి చోటు, దిక్కులు చూసే చైనా పద్ధతి ఫెంగ్ షూయి మూడు వేల ఏళ్ల శాస్త్రమని, మన వాస్తుకు తోబుట్టువని అది మొదలవుతుంది. ఇంటికి వెనుక కొండ, ముందు నీరు ఉండాలని, వీధి తలుపుకు సూటిగా పెరటి తలుపు ఉంటే అదృష్టం అటునుంచి అటే వెళ్లిపోతుందని, ఎవరి జన్మసంఖ్యను బట్టి వారు ఫలానా దిక్కుకు తల పెట్టి పడుకోవాలని, గుండ్రటి బల్ల దగ్గర తింటే తగవులు రావని చెప్పి, ఇవి చూడకుండా ఇల్లు తీసుకుంటే కలవడానికి వెళ్లిన కుటుంబం విడిపోయి వస్తుందని ముగుస్తుంది. మా కడప బంధువుల గ్రూపులో దీన్ని నలుగురు పెట్టారు. ఇరవై రెండు మందికి ఇల్లు చూసే పని నా మీద పడింది కాబట్టి, జవాబు రాసే పని కూడా నాదే అయింది.

మొదట ఆ తోబుట్టువు సంగతి. ఫెంగ్ అంటే గాలి, షూయి అంటే నీరు. ఈ మాటను వివరించిన పాత చైనా గ్రంథం జాంగ్‌షూ. సంప్రదాయం దాన్ని గ్వో పూ (276–324) పేరున చెబుతుంది. అది ఇళ్ల గురించిన పుస్తకం కాదు, సమాధుల గురించినది. 'చీ' అనే ప్రాణశక్తి గాలికి చెదిరిపోతుంది, నీటి అంచున ఆగుతుంది, కనుక పెద్దలను పూడ్చే చోటును ఎంచి చూసుకోవాలని దాని బోధ. ఇక సందేశానికి తగిలించిన బొమ్మ, అంటే ఇంటి ప్లాను మీద తొమ్మిది గళ్లు గీసి, గుమ్మంలో నిలబడితే ఎడమ చేతి వైపు చివరి మూల ధనస్థానమని చూపే పద్ధతి, 1980లలో లిన్ యున్ అనే ఆయన అమెరికాలో ప్రచారం చేసిన శాఖకు చెందినది. అందులో దిక్సూచితో పనే లేదు. దిక్సూచి పట్టుకుని చూసేవారిలో చాలామంది ఆగ్నేయాన్ని ధనస్థానమని చెప్పి అక్కడ నీటి బుగ్గ పెట్టమంటారు. ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యంలో నీళ్లు అన్నది మన వాస్తు. వారికి దక్షిణ ముఖం శ్రేష్ఠం; మన దగ్గర దక్షిణ ముఖమంటే స్థలం ధరే తగ్గుతుంది. ఇవి తోబుట్టువులే అనుకున్నా, భాగాలు పంచుకున్నాక మాటలు మానేసిన తోబుట్టువులు.

కొండా నీరూ అన్న సూత్రానికి పుట్టినచోట అర్థముంది. ఉత్తర చైనాలో చలికాలపు గాలి మంగోలియా వైపు నుంచి కోస్తూ వస్తుంది. ఉత్తరాన కొండ అడ్డంగా ఉండి, దక్షిణాన ఎండ పడే ఇల్లు అక్కడ నిజంగా సుఖమైన ఇల్లు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన సీమలో కష్టం చలిగాలి కాదు, గాలి ఆడకపోవడం. పగలంతా కాగిన బండకొండ పక్కన రాత్రి పడుకున్నవారికి ఆ సెగ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. నీటి విషయానికి వస్తే, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరులో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయాయి. ఆ ఊళ్ల ముందు నీరు ఉండనే ఉంది. మరోవైపు, నీరు ఎదురుగా లేని ఇంట్లో కుటుంబం నిలవదన్నది నిజమైతే, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో ఉమ్మడి కుటుంబమన్నదే ఉండకూడదు. గండికోటలో పెన్నా లోయ కనిపించే చోటు తీసుకునేవారు చూడవలసింది చీ కాదు, పిల్లలు పరుగెత్తే వైపు గోడ ఉందా లేదా అన్నది.

తలుపుల సూత్రం వల్ల మేము అనుభవించాము కూడా. నిరుడు జమ్మలమడుగు వైపు తీసుకున్న ఒక ఇంట్లో యజమాని ఇలాంటి సలహా విని పెరటి తలుపుకు అడ్డంగా ఇనుప బీరువా పెట్టించాడు. మన పాత మిద్దెల్లో వీధి వాకిలికి సూటిగా పెరటి వాకిలి పెట్టింది గాలి ఇటు నుంచి అటు పోవడానికే. ఆ మధ్యాహ్నం ఫ్యాను కాగిన గాలినే తిప్పి తిప్పి కొడుతుంటే, మా జేజి తడిపిన తువ్వాలు తల మీద వేసుకుని వచ్చి వసారాలో కడప బండల మీద పడుకుంది. సాయంత్రం నలుగురం కలిసి బీరువా జరిపాము. దాని వెనుక గోడకు ఆనుకుని చెద పుట్ట ఉంది.

జన్మసంఖ్యను లెక్క వేసి చూస్తే చాలు. దీన్ని క్వా సంఖ్య అంటారు. 2000కు ముందు పుట్టినవారికి పుట్టిన సంవత్సరపు చివరి రెండంకెలను ఒక్క అంకె అయ్యేదాకా కూడి, మగవారైతే పదిలో నుంచి తీసేయాలి, ఆడవారైతే ఐదు కలపాలి; రెండంకెలు వస్తే మళ్లీ కూడాలి. 1975లో పుట్టిన మా చిన్నాయనకు ఏడు వచ్చింది, అంటే పడమటి వర్గం. 1979లో పుట్టిన మా పిన్నమ్మకు మూడు వచ్చింది, అంటే తూర్పు వర్గం. ఆయనకు మంచివైన నాలుగు దిక్కులూ ఆమెకు చెడ్డవి, ఆమెకు మంచివి ఆయనకు చెడ్డవి. ఒకే మంచం మీద ఇద్దరికీ పనికొచ్చే తలాపి లేదు. కుటుంబాన్ని కలపడానికని చెప్పిన సూత్రం మొదట మొగుడూ పెళ్లాలనే వేరు గదులకు పంపుతుంది. ఇరవై రెండు మందికి ఈ లెక్క వేస్తే ఇల్లు కాదు, గడియారంలా గుండ్రంగా మంచాలు వేసిన సత్రం కావాలి.

గుండ్రటి బల్ల గురించి వాదించేదేమీ లేదు. సంకటీ నాటుకోడి పులుసూ బంతిలో కూర్చుని తినే మనకు బల్లే ఉండదు. నవ్వే బుద్ధుడి బొమ్మను వెంట తీసుకుపొమ్మని కూడా ఆ సందేశంలో ఉంది. ఆయన గౌతముడు కాడు, పదో శతాబ్దపు చైనా భిక్షువు బుదాయి. బొమ్మ తీసుకుపోతే నష్టం లేదు.

సందేశంలో పనికొచ్చే మాటలు అసలు లేవని నేను అనను. గదిలో అడ్డదిడ్డంగా సామాను ఉండకూడదని, పడుకున్నవారికి తలుపు కనబడాలని చెప్పినవి బాగున్నాయి, వాటికి అదృష్టంతో పని లేదు. కానీ ఇరవై రెండు మందికి మరుగుదొడ్లు ఎన్ని, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు మెట్లెన్ని, సంకటి గెలకడానికి పెద్ద పొయ్యి ఉందా, రాత్రి కరెంటు పోతే ఇన్వర్టరు ఎన్ని గంటలు ఆగుతుంది అన్న ప్రశ్నల్లో ఒక్కటి కూడా అందులో లేదు.

పిన్నమ్మ పట్టుబట్టినందున ఈసారి గండికోట దగ్గర ఇంటి యజమానిని కొండ, నీరు గురించి కూడా ఫోనులో అడిగాను. "ఎనకాల కొండ ఉండాది సార్, ముందర బోరు ఉండాది," అని ఆయన నిదానంగా చెప్పాడు. "బోరులో నీళ్లు మాత్రం ఉగాది దాటినాక రావు. ట్యాంకరు తోలించుకోవాల."