దొంగతనం కాదు, సరే. మరి కూలి మాటేమిటి?

పుస్తకాల పీడీఎఫ్‌లు పంచుకునే తెలుగు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో ఒక సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: దొంగతనమంటే ఒకరి దగ్గరున్న వస్తువును వారికి లేకుండా చేయడం. పీడీఎఫ్ తీసుకున్నా రచయిత పుస్తకం రచయిత దగ్గరే ఉంటుంది కాబట్టి ఇది దొంగతనం కాదు. పీడీఎఫ్ చదివేవాళ్లు ఎలాగూ కొనేవాళ్లు కారు. పాత పుస్తకం కొన్నా, గ్రంథాలయంలో చదివినా రచయితకు పైసా రాదు, దానికి లేని తప్పు దీనికెందుకు? విద్యాధనం పంచితే పెరుగుతుంది. కోర్టే జిరాక్సు తప్పు కాదంది. పైగా రచయితకు ఉచిత ప్రచారం.

నిరుడు నా కథల పుస్తకం పీడీఎఫ్ ఒక గ్రూపులో కనిపించింది. దాని కిందే ఈ సందేశమూ ఉంది.

మొదటి మాట ఒప్పుకుంటున్నాను, మొహమాటానికి కాదు. చట్టం కూడా దీన్ని దొంగతనం కింద రాయలేదు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారం దొంగతనమంటే కదిలించగల ఆస్తిని, దాన్ని పెట్టుకున్నవారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో తరలించడం. పీడీఎఫ్ అందులో ఇమడదు. దీనికి వేరే చట్టం ఉంది, 1957 నాటి కాపీరైటు చట్టం. తమాషా ఏమిటంటే ఆ చట్టం 63వ సెక్షను కింద గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు, మామూలు దొంగతనానికీ 3 ఏళ్లే. పేరు వేరైనంత మాత్రాన చట్టం దీన్ని చిల్లర విషయంగా చూడలేదు.

అసలు గారడీ తర్వాతి అడుగులో ఉంది: దొంగతనం కాదు కాబట్టి తప్పు కాదు. మీ ఇంటికి రంగులు వేయించుకుని, ఆ మేస్త్రీకి కూలి ఎగ్గొట్టారనుకోండి. ఆయన బ్రష్షు ఆయన దగ్గరే ఉంది. డబ్బా ఉంది, నిచ్చెన ఉంది, చేతులూ ఉన్నాయి. ఆయన ఇంట్లోంచి మీరు ఒక్క వస్తువూ ఎత్తుకురాలేదు. ఏం పోయిందని అడుగుతారా? పోయింది వస్తువు కాదు, రావలసిన డబ్బు. సందేశం రాసినవారు పోయిన వస్తువు కోసమే వెతికి, అది కనబడకపోయేసరికి ఏమీ పోలేదని తేల్చేశారు.

"మేస్త్రీని మేం పిలిచాం. నిన్నెవరు రాయమన్నారు?" అని ఒకాయన నన్ను నేరుగానే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సర్కస్‌నూ ఎవరూ ఊరికి రమ్మనరు. అయినా డేరాలో కూర్చోవాలంటే టికెట్టు కొంటాం, అక్కర్లేకపోతే ఇంట్లో ఉంటాం. చిన్నప్పుడు నేనూ డేరా గుడ్డ ఎత్తి లోపలికి దూరాను, కాబట్టి రహస్యంగా ఒక పీడీఎఫ్ దించుకుని చదివే కుర్రాడి మీద నాకు పెద్ద కోపం లేదు. కానీ కత్తితో డేరా చీల్చి, ఊరంతటినీ కేకేసి పిలిచి, "కళాసేవ చేస్తున్నాను" అనే పెద్దమనిషి ఒకడున్నాడే, అతన్నీ ఆ కుర్రాణ్నీ ఒకే గాటన కట్టలేను. గ్రూపు నిర్వాహకులు ఆ రెండో రకం.

"ఎలాగూ కొనేవాళ్లు కారు" అన్నది చాలావరకు నిజమే. 10 వేల పీడీఎఫ్‌లు పోగేసినవాడు 10 వేల పుస్తకాలు కొనేవాడు కాడు, అసలు చదివేవాడూ కాడు. కాని నా లెక్క వినండి. 500 ప్రతులు వేశాను, ఖర్చు 48,000 రూపాయలు. వెల 180. అమ్మిపెట్టే వారికి 40 శాతం పోతే ప్రతికి నాకు మిగిలేది 108. అంటే 445 ప్రతులు అమ్ముడైతే గాని పెట్టిన డబ్బు తిరిగి రాదు. మిత్రులకు, సమీక్షలకు 40 పోయాయి. మిగిలిన 460 అమ్ముడైపోయినా లాభం అక్షరాలా 1,680 రూపాయలు. ఆ గ్రూపులో 4 వేల మంది ఉన్నారు. అందులో నూటికి ఒక్కరు కొనేవారైనా అది 40 ప్రతులు. కోట్ల సినిమాకు 40 టికెట్లు లెక్కలోకి రావు. 500 ప్రతుల పుస్తకానికి ఆ నలభయ్యే ఒడ్డుకూ మునకకూ మధ్య తేడా.

పాత పుస్తకాలు, గ్రంథాలయాలు. సందేశం మొత్తంలో బలమైన మాట ఇదే. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకాలే నన్ను చదువరిని చేశాయి, ఆ రచయితలకు నేనిచ్చింది సున్నా. అయితే అక్కడ నా చేతికి వచ్చిన పుస్తకం ఇంకొకరి చేతిలోంచి పోయింది. ఒక ప్రతి ఎన్ని చేతులు మారినా ఒక ప్రతే. గ్రంథాలయం ఆ ప్రతిని కొంటుంది, దానికోసం మనం ఇంటిపన్నుతో పాటు సెస్సు కడుతున్నాం. పీడీఎఫ్ చేతులు మారదు, ఒకటి నాలుగు వేలవుతుంది. ఎరువిచ్చుకోవడం వేరు, అచ్చేయడం వేరు.

విద్యాధనాన్ని దొంగలెత్తుకుపోలేరు, రాజులు గుంజుకోలేరన్న సుభాషితం నిజమే. అది తలకెక్కిన చదువు గురించి చెప్పిన మాట. అచ్చాఫీసు బిల్లు గురించి కాదు.

కోర్టు మాట కూడా సగమే చెప్పారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు దుకాణం వైపే నిలిచింది. ఆ తీర్పు నాకు నచ్చింది కూడా. కాని అక్కడ విషయం పాఠ్యప్రణాళిక కోసం పుస్తకాల్లోని భాగాలతో కూర్చిన సంపుటాలు. బోధనకు చట్టం ఇచ్చిన మినహాయింపు అది. కథల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా స్కాన్ చేసి పంచడానికి దాన్ని సాక్ష్యానికి పిలవలేం.

ప్రచారమంటారా? "అత్తారింటికి దారేది" 2013 సెప్టెంబరులో విడుదలకు ముందే గంటన్నర బయటికి వచ్చింది, అయినా ఆడింది, అని ఉదాహరణ చూపుతారు. బయటపడింది సగం, తెర మీద ఉన్నది పవన్ కల్యాణ్. నా పుస్తకంలో ఫైట్లు లేవు.

నిజంగా పంచాలనుకునేవారికి బోలెడు సరుకుంది. రచయిత మరణించాక 60 ఏళ్లు దాటితే ఆ రచన అందరిదీ. 1915లో పోయిన గురజాడ రచనలు ఎవరైనా పంచవచ్చు. 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరి దాకా ఆగాలి. ఎక్కడా దొరకని, మళ్లీ ఎవరూ అచ్చువేయని పుస్తకాన్ని ఒకరు స్కాన్ చేసి కాపాడితే చట్టం ఏమన్నా నేను నోరెత్తను. కాని నా పుస్తకం దొరుకుతోంది. చాలా దొరుకుతోంది.

ఆ పీడీఎఫ్ ఫోనుతో తీసింది. 43వ పేజీ అంచున ఎవరిదో బొటనవేలు ఉంది. ప్రతి పేజీకీ అడ్డంగా బూడిదరంగులో గ్రూపు పేరు, దాని కింద "మా అనుమతి లేకుండా ఇతర గ్రూపుల్లో పంచరాదు" అన్న హెచ్చరిక. మొదటి పేజీలో నా చేతిరాత, "ఆత్మీయ మిత్రునికి", సంతకం, తేదీ.

ఆ మిత్రుడికి ఫోన్ చేశాను. "ఒక్కరికే పంపాను గురువుగారూ, చదివి తీసేయమన్నాను" అన్నాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత అతనే, "రెండో పుస్తకం ఎప్పుడు?" అని అడిగాడు. మొదటిది ఇంకా 230 ప్రతులు మంచం కింద ఉన్నాయని చెప్పాను.