మెడికేర్ మీద గంజాయి ఉచితంగా ఇవ్వరు

అమెరికాలో పిల్లల దగ్గరుంటున్న మన పెద్దవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మెడికేర్ గురించి, అంటే ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా గురించి, ఒక మెసేజ్ తిరుగుతోంది. “మెడికేర్ ఉంటే ఇక మెడికల్ గంజాయి ఉచితం. మోకాళ్ల నొప్పులకు డాక్టరు ప్రిస్క్రిప్షన్ రాస్తే చాలు. చాలా రాష్ట్రాల్లో చట్టబద్ధమే, భయం లేదు.” దీన్ని నమ్మితే నష్టపోయేది మన అమ్మానాన్నలే.

ప్రిస్క్రిప్షన్ అన్న మాటే తప్పు. వైద్యం కోసం గంజాయి వాడకాన్ని కాలిఫోర్నియా 1996లోనే ఒప్పుకుంది. అయినా అక్కడ డాక్టరు ఇచ్చేది సిఫారసు మాత్రమే. మందుల షాపులో అది చెల్లదు. డిస్పెన్సరీకి, అంటే గంజాయి అమ్మే దుకాణానికి వెళ్లి సొంత డబ్బుతో కొనుక్కోవాలి. పన్ను లెక్కల్లో దాన్ని వైద్య ఖర్చుగా చూపించడానికి కూడా అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఒప్పుకోదు.

ఇక మెడికేర్. అందులో మందులకు డబ్బు కట్టే పార్ట్ డి, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన వాటికే కడుతుంది. డిస్పెన్సరీలో అమ్మే పువ్వు, గమ్మీలు, నూనెలకు ఆ ఆమోదం లేదు. 2025 డిసెంబర్ 18న ట్రంప్ సంతకం చేసిన ఆదేశాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకున్నారు. మాదకద్రవ్యాల జాబితాలో గంజాయిని అన్నిటికంటే కఠినమైన ఒకటో షెడ్యూలు నుంచి కాస్త సడలింపు ఉన్న మూడో షెడ్యూలుకు మార్చే పని త్వరగా ముగించమని అందులో ఉంది. షెడ్యూలు మారినంత మాత్రాన డిస్పెన్సరీ సరుకు ఆమోదం పొందిన మందు అయిపోదు. కొందరు మెడికేర్ రోగులకు సీబీడీ ఇచ్చే ప్రయోగం గురించి కూడా అప్పుడే చెప్పారు. అది హెంప్ (మత్తు చాలా తక్కువుండే గంజాయి రకం) నుంచి తీసే, మత్తెక్కించని పదార్థం.

గంజాయికి సంబంధించిన మందుల్లో పార్ట్ డి ప్లాన్లు కట్టేవి కొన్ని ఉన్న మాట నిజమే. కీమోథెరపీ వాంతులకు 1985లో ఆమోదం పొందిన డ్రోనాబినాల్, అరుదైన మూర్ఛలకు 2018లో వచ్చిన ఎపిడియోలెక్స్ అలాంటివి. మోకాళ్ల నొప్పికి ఇవి కావు.

నాకు అసలు టెన్షన్ “భయం లేదు” అన్న మాటతోనే. ఇమిగ్రేషన్ నడిచేది రాష్ట్ర చట్టం మీద కాదు, ఫెడరల్ (కేంద్ర) చట్టం మీద. గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు రాష్ట్ర చట్టం ప్రకారమే గంజాయి వాడినా, అది సిటిజన్‌షిప్‌కు అడ్డు కావచ్చని అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ 2019లోనే స్పష్టంగా చెప్పింది. కేసు లేకపోయినా, ఇంటర్వ్యూలో “వాడాను” అని ఒప్పుకుంటే చాలు, చిక్కు రావచ్చు. పాపం, నిజాయితీగా చెప్పిన పెద్దాయనకే ఇబ్బంది. ఆ గమ్మీలు బ్యాగులో పెట్టుకుని హైదరాబాద్‌లో దిగితే, మాదకద్రవ్యాలపై మన దేశంలో ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం ఎదురుగా ఉంటుంది.

డాక్టరు అవసరమని రాస్తే మోకాళ్లకు ఫిజికల్ థెరపీ ఖర్చులో ఎక్కువ భాగం మెడికేర్‌లో డాక్టరు ఖర్చులు చూసే పార్ట్ బి కడుతుంది. నాన్నగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ముందు దాని గురించి అడగండి.