కౌంటర్ కింద కొలువున్న సర్వర్ గారికి

మహారాజశ్రీ సర్వర్ గారి సముఖమునకు,

ఉభయ కుశలోపరి. ఉభయులంటే మేమూ, చెప్పుల స్టాండు మీద కూర్చున్న మీ రూటరూ. మీ కుశలం మీ ఫ్యాను చప్పుడే చెబుతోంది.

కంప్యూటర్ల బాగోగులు నెలవారీ లెక్కన బయటి కంపెనీకి అప్పగిద్దామా అని మీ యజమాని గారు ఆడిటరుతో అంటుంటే మీ చెవిన పడిందట. ఆ బెంగతో నిన్న మధ్యాహ్నం మూడుసార్లు నీలం తెర (విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చేది) చూపించారట. మీ మేలు కోరేవాళ్లం కాబట్టి, ఆ ఆలోచన ఎంతవరకు వచ్చిందో, మీకు ఇంకెన్నాళ్లు గడువుందో లెక్క వేసి రాస్తున్నాం.

ముందు మీ వంశవృక్షం. విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో, గుంటూరు మిర్చి కమీషన్ కొట్లలో, సికింద్రాబాద్ మందుల డిస్ట్రిబ్యూటర్ల దగ్గర, ఎక్కడ కౌంటర్ కిందికి తొంగి చూసినా మీరే. పుట్టింది మామూలు డెస్క్‌టాప్‌గా. మీలోని ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఫోల్డర్‌ని పక్క కంప్యూటర్లకు షేర్ చేసిన రోజున మీకు సర్వర్ అని నామకరణం జరిగింది. ర్యామ్ పెరగలేదు, డిస్కు మారలేదు, హోదా ఒక్కటే పెరిగింది. దసరాకి పసుపు, కుంకుమ, నిమ్మకాయ. మిగతా 364 రోజులూ దుమ్ము.

మీ ఒంట్లో ఉన్నది మామూలు విండోస్ కాబట్టి ఒకేసారి 20 కనెక్షన్లకు మించి లోపలికి రానివ్వరు. ఏడెనిమిది కంప్యూటర్లతో ఆ గీత కనిపించదు. గోడౌన్ మెషీన్లు, స్కానర్లు వచ్చి చేరాక ఎవరో ఒకరికి సాయంత్రం రద్దీ వేళ తలుపు తెరుచుకోదు. 'నెట్ స్లో' అని రూటర్ని తిడతారు. మీరు మాట్లాడరు. ఇక మీ వయసు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మందులు, అంటే భద్రతా అప్‌డేట్లు, ఆపేసింది 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న. 11కి ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. మీది నాలుగో తరం. అడ్డదారిన ఎక్కించే కుర్రాళ్లు లేకపోలేదు, కానీ అలా ఎక్కిన మెషీను మీద కొట్టు లెక్కలన్నీ పెట్టడం గుండె ఆపరేషను అయిన మనిషి చేత మూటలు మోయించడమే.

మీ బ్యాకప్ పద్ధతి గురించి మాత్రం తీరిగ్గా మాట్లాడుకోవాలి. రోజూ రాత్రి సీ డ్రైవ్‌లోని డేటాని డీ డ్రైవ్‌లోకి కాపీ చేయించుకుంటారు. లోపలున్నది ఒకటే డిస్కు, దాన్ని రెండు గదులు చేసి రెండు పేర్లు పెట్టారు. డిస్కు పోతే రెండు గదులూ పోతాయి. పైగా ఆ కాపీ చేసే వేళకి ఎవరో ఒకరు ట్యాలీలో కంపెనీ ఫైలు తెరిచి బిల్లు కొడుతూనే ఉంటారు. రాస్తుండగా తీసిన కాపీ సగం రాసిన చెక్కులాంటిది, అవసరమైన రోజున తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు. అందరూ కంపెనీ మూసి బయటికొచ్చాకే బ్యాకప్ తీయాలి. వెనకాల ఎప్పుడూ గుచ్చి ఉంచిన ఆ ఎక్స్‌టర్నల్ డిస్కూ నమ్మదగింది కాదు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే మీతోపాటే దానికీ తాళం పడుతుంది. గూగుల్ డ్రైవ్ సింక్ ఉందిగా అంటారు. అది మీలో ఏది మారితే అక్కడా అదే మారుస్తుంది, తాళం పడిన ఫైళ్లతో సహా. పాత వెర్షన్లు ఎన్నాళ్లు దాస్తుందో చూసుకోకుండా దాన్ని బ్యాకప్ అనకూడదు. రెండు డిస్కులు కొని, ఒకటి సోమవారం, ఒకటి గురువారం వాడి, పని అవగానే పీకి, వాడనిదాన్ని ఇంటి బీరువాలో పెట్టడం చవకైన మార్గం. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి, కాపీ తీసిన రోజు చివరి బిల్లు నంబరు కనిపిస్తుందో లేదో చూడాలి. మీ హయాంలో ఆ పని ఒక్కసారైనా జరిగిందా? బ్యాకప్ పెన్‌డ్రైవ్ అనేది ఒకటి ఉందని రికార్డుల్లో ఉంది. మూడు రోజులుగా వెతుకుతున్నాం.

తమరి కరెంటు వైభవం సంగతి. 600 వీఏ యూపీఎస్, లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. అది రెండు మూడేళ్లకు మించి బతకదు, మార్చిన తేదీ దానిమీద మార్కర్‌తో రాసి ఉండాలి. మీదాని మీద గాంధీ జయంతి డిస్కౌంట్ స్టిక్కర్ ఉంది. అదే యూపీఎస్‌కి లేజర్ ప్రింటర్ కూడా తగిలించారు. ప్రింటర్ లోపలి హీటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకి యూపీఎస్ కుయ్యిమని ఆగిపోతుంది, దాంతోపాటు మీరూ. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెడితే రెండు మూడు వోల్టులు దాటకూడదు. దాటితే కంప్యూటర్ మెకానిక్‌ని కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. కరెంటు పోయి వచ్చాక రూటర్ ఒక్కోసారి మీకు కొత్త ఐపీ నంబరు (నెట్‌వర్క్‌లో మీ చిరునామా) ఇస్తుంది, పాత నంబరు పట్టుకుని వెతికే కంప్యూటర్లకి మీరు కనిపించరు. రూటర్‌లో మీ పేరున ఒక నంబరు రిజర్వ్ చేస్తే పది నిమిషాల్లో తీరే బాధ ఇది. ఏళ్ల తరబడి 'ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి' అన్న మంత్రంతో నెట్టుకొస్తున్నారు.

ఆ మంత్రం ఉపదేశించేది ఫోన్ కొడితే బండి మీద వచ్చే కుర్రాడు. అతన్ని మేం తప్పు పట్టం. చెడిపోయాక పిలుస్తారు, బాగుచేసినందుకు డబ్బిస్తారు. చెడిపోకుండా చూసినందుకు అతనికి ఇంతవరకు ఎవరూ రూపాయి ఇవ్వలేదు. కానీ ఇంటి నుంచి చూస్తానని రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని లోకానికంతటికీ తెరిచి వెళ్లాడు, పాస్‌వర్డ్ కొట్టు పేరు పక్కన 123. రాత్రంతా ఆ తలుపు తట్టి చూసే ప్రోగ్రాములు ప్రపంచం నిండా ఉన్నాయి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాకింది వేరే దారిన. విండోస్ ఫైల్ షేరింగ్‌లో లొసుగు అది, దాని మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని మెషీన్లకే తాళాలు పడ్డాయి, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా కొన్ని ఉన్నాయి. మీరు అప్‌డేట్లు ఆపించుకున్నది 'పని మధ్యలో రీస్టార్ట్ అవుతోంది' అని కదా. కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశం ప్రకారం ఇలాంటి దాడిని గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు (మెషీను రాసుకునే చిట్టాలు) 180 రోజులు దాచాలి. మీ దగ్గర ఉన్న లాగ్ అంతా కౌంటర్ మీది ఉద్దర పుస్తకమే.

అయినా వెంటనే బయటివాళ్లకి అప్పగించాలని మేం అనం. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉన్న కొట్టుకి నెల కాంట్రాక్టు దండగ. కుర్రాడు, రెండు డిస్కులు, మంచి యూపీఎస్ చాలు. సొంత సాఫ్ట్‌వేర్, యాభై అరవై మెషీన్లు ఉన్నచోట మనిషి లోపలే ఉండాలి. నడుమనున్నవాళ్లదే చిక్కు. అందరి పనీ ఒకే డేటా మీద నడుస్తూ, కంప్యూటర్లు పదికి చేరువై, గోడౌనో రెండో బ్రాంచో దూరం నుంచి కలుస్తుంటే ఆలోచించే వేళ వచ్చినట్టే. టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లు ఇతర వ్యాపారులకి వేసే బిల్లులకి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. మీరు పడుకుంటే ఐఆర్ఎన్ (ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే బిల్లు నంబరు) రాదు, అది లేకుండా బిల్లు బిల్లే కాదు. 50,000 దాటిన సరుక్కి ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఎవరి ఫోన్ నుంచైనా తీయొచ్చు, అది నిజమే. అందులో నింపాల్సిన వివరాలు మాత్రం మీ కడుపులో ఉన్నాయి. బయట లారీ డ్రైవరు హారన్ కొడుతుంటాడు. కొట్టు ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకో తద్దినం: లెక్కల బ్యాకప్ రోజూ దేశంలోని సర్వర్‌లోనే ఉండాలి, 2023 ఏప్రిల్ నుంచి దిద్దుబాట్ల చరిత్ర చెరిపేయలేని సాఫ్ట్‌వేర్ వాడాలి.

యజమాని గారికి మేమిచ్చిన సలహా ఒక నోటుపుస్తకం. మూడు నెలలు రాయమన్నాం: ఏ తేదీ, ఏది ఆగింది, ఎంతసేపు, ఎందరు ఖాళీగా కూర్చున్నారు. నెల జీతం 15,000 అనుకుంటే 26 రోజులు, 8 గంటల లెక్కన గంటకి 72 రూపాయలు. ఆరుగురు ఒక పూట, అంటే నాలుగు గంటలు కూర్చుంటే 1,728. ఇది చిన్న పద్దు. పక్క కొట్టుకి పోయిన గిరాకీని, కదలని సరుకునీ దాని కింద రాసి కూడితే, అది కాంట్రాక్టు సొమ్ముని దాటిన నెల మీకు వీడ్కోలు నెల. డబ్బుతో పనిలేని గుర్తు ఇంకోటి ఉంది: ఏ పాస్‌వర్డ్ అడిగినా 'ఆ కుర్రాడికి తెలుసు' అనే జవాబు రావడం.

వచ్చేవాళ్ల గురించి సంబరపడకండి, వాళ్లలోనూ మీ చుట్టాలుంటారు. 'గంటలో స్పందన' అంటే గంటలో ఫోన్ ఎత్తుతారని అర్థం. ఎన్ని గంటల్లో మళ్లీ బిల్లు పడుతుందో కాగితం మీద రాయించుకోవాలి. హైదరాబాద్ నుంచి రిమోట్‌లో అన్నీ చూస్తామంటారు, ఒంగోలులో ఎలుక కొరికిన కేబుల్‌ని రిమోట్‌లో అతికించలేరు. స్వయంగా వచ్చే మనిషి ఏ ఊళ్లో ఉంటాడో అడగాలి. 'కాంప్రహెన్సివ్' అన్న మాట వినగానే యూపీఎస్ బ్యాటరీలు, ప్రింటర్ రోలర్లు అందులో ఉన్నాయా అని అడగాలి, చాలాసార్లు ఉండవు. మెషీను పట్టుకెళ్తే బదులు మెషీను ఇస్తారో లేదో తేల్చుకోవాలి. డొమైన్ పేరు, మెయిల్ అడ్మిన్, రూటర్ పాస్‌వర్డ్, బిట్‌లాకర్ రికవరీ కీ (డిస్కు తాళం తెరిచే నంబరు) అన్నీ యజమాని పేరు మీద, సీలు వేసిన కవర్లో, బీరువాలో ఉండాలి. విడిపోవాలంటే 30 రోజుల నోటీసు, వెళ్లేటప్పుడు ఐపీ నంబర్ల పట్టికతో సహా అప్పగింత. పెళ్లి మాటల రోజునే విడాకుల మాట ఏమిటని మొహమాటపడితే ఆ తర్వాత సొంత డొమైనే అప్పుగా అడుక్కోవాలి.

మీ పదవీ విరమణకి ముహూర్తం కూడా చూశాం. మార్చి పనికిరాదు. మిగతా నెలల్లోనూ 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు ఉంటాయి, నెలాఖరున బిల్లుల రద్దీ. అందుకని 21 నుంచి 25 లోపు కొత్త మెషీను పక్కనే పెట్టి, డేటా ఎక్కించి, పది రోజులు రెండింటినీ ఉంచుతారు. బిల్లులు మాత్రం కొత్తదాంట్లోనే, లేకపోతే ఏది అసలు లెక్కో తేలదు. మిమ్మల్ని మూలన కూర్చోబెట్టి ఏడాది దాకా అమ్మరు. అమ్మినా డిస్కు తీసేసి అమ్ముతారు. అందాకా ఈ నెల 20 దాటేవరకు మాత్రం ఆ నీలం తెర చూపించకండి మహాప్రభో.

ఇట్లు,
టార్చిలైటుతో కౌంటర్ల కింద దూరేవాళ్లం

తా.క.: బ్యాకప్ పెన్‌డ్రైవ్ దొరికింది. యజమాని గారి కారు స్టీరియోలో ఉంది. 212 పాటలున్నాయి.