చెరువు మనదే, సమావేశానికి రండి

పోయిన సద్దుల బతుకమ్మకు ఇక్కడ టెక్సాస్‌లో మా కాలనీ చెరువులో పువ్వులు వదిలిన నాలుగో రోజున హెచ్‌ఓఏ నుంచి, అంటే కాలనీ ఇంటి యజమానుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. క్లబ్‌హౌస్‌ను నా పేరు మీద తీసుకున్నాం కాబట్టి అది నాకే వచ్చింది. ఫౌంటెన్ మోటారు కాలిపోయింది, డిపాజిట్ వాపసు ఇవ్వం, మిగతా మరమ్మతు ఖర్చు కూడా మీరే కట్టాలి, ఇకమీదట చెరువు గట్టున గుంపుగా ఏ కార్యక్రమమూ జరపకూడదు. ఇవీ అందులోని మాటలు. కింద ఒక ఫోటో.

సాయంత్రానికి మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. ఇది జాతి వివక్షేనని కొందరు, లాయరును పెడదామని కొందరు. కార్తీక వనభోజనాల్లో ఒక పెద్దాయన మైకు పట్టుకుని ఆ ఉత్తరాన్ని చదివి వినిపిస్తే చప్పట్లు మారుమోగాయి. అవమానం నాకూ తగిలింది. పదమూడేళ్లుగా ఒక్క నెల ఆలస్యం లేకుండా డ్యూస్ (సంఘానికి కట్టే నిర్వహణ రుసుము) కడుతున్న మనిషికి ఫోను చేసి ఒక మాట అడగకుండా జరిమానా ఉత్తరం పంపడం తప్పే. అయినా నేను చప్పట్లు కొట్టలేకపోయాను. అంతకు ముందే ఆ చెరువు గట్టున ఒకటి చూశాను.

అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. పండుగ మర్నాడు పొద్దున ఇద్దరం నడకకు వెళ్లాం. తొడల దాకా రబ్బరు బూట్లు వేసుకున్న పనివాడు నీళ్లలోకి దిగి, మోటారు జల్లెడకు చుట్టుకున్నవన్నీ పీకి గట్టు మీదికి విసురుతున్నాడు. ముద్దయిపోయిన చామంతులు, వాటి అడుగున అల్యూమినియం రేకు, థర్మోకోల్ ముక్కలు, పూలకాడలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి, చిక్కుపడిన సన్నటి తీగ. అమ్మ వంగి ఆ తీగను తీసింది. నీళ్లు దులిపి వేలికి చుట్టుకుని చూసింది. “మోటారును ఆపింది పువ్వు కాదు బిడ్డా, ఇది” అంది. ఇంకేమీ మాట్లాడకుండా ఆ తీగను పిడికిట్లో పట్టుకుని ఇంటిదాకా నడిచింది.

మాది హన్మకొండ. సద్దుల రోజున పద్మాక్షి గుట్ట దగ్గరికి అమ్మ వెనకాలే వెళ్లిన పిల్లను నేను. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, బంతి వరుసలు పేర్చి, నడుమ ఆకులు కూరేవారు. పువ్వులు నీళ్లలోకి జారాక సిబ్బి మాతో ఇంటికి తిరిగి వచ్చేది. ఇక్కడ తంగేడు దొరకదు, సరే. కానీ థర్మోకోల్ ఎందుకు వచ్చింది? ఎత్తైన బతుకమ్మకు మన సంఘాలే బహుమతి పెట్టాయి కాబట్టి వచ్చింది. నాలుగడుగుల ఎత్తు నిలబడాలంటే అడుగున థర్మోకోల్ అట్ట, నడుమ స్పాంజి, చుట్టూ తీగ కావాలి. ఈ పత్రిక చదివే కార్యవర్గ సభ్యులకు ఇది నా మొదటి విన్నపం: ఎత్తు పోటీలు మానండి.

ఆ చెరువు ఊరి చెరువు లాంటిది కాదు. ఇళ్లూ రోడ్లూ వచ్చి నేల కప్పబడ్డాక వాన నీళ్లు ఇంకడానికి చోటుండదు. ఆ వరద ఒక్కసారిగా దిగువ ఇళ్ల మీద పడకుండా ఆపడానికి బిల్డరుతో తవ్వించిన గుంట అది. దాని పోషణ భారం నగరపాలక సంస్థ మీద కాదు, హెచ్‌ఓఏ మీద ఉంది. పార్కు, నడకదారి, ఈతకొలను, దారి పక్క చెట్లు కూడా అంతే. ఫౌంటెన్ అందానికి మాత్రమే కాదు, నీళ్లు నిలిచి నాచు పట్టకుండా కదిలిస్తుంది. అంటే ఆ మోటారు ఖర్చు ఎవరో పరాయివాళ్లది కాదు, మనం కట్టే డ్యూస్‌లోదే. హెచ్‌ఓఏను మనం ఇంటి యజమానిలా చూస్తున్నాం. నిజానికి అది మన వీధికి పంచాయతీ.

గ్రూపులో ఒక తమ్ముడు టెక్సాస్ చట్టాన్ని ఉదహరించాడు. మత చిహ్నాలను హెచ్‌ఓఏ అడ్డుకోకూడదన్న చట్టం ఉన్న మాట నిజమే. 2011లో అది వచ్చినప్పుడు గుమ్మం దగ్గర 25 చదరపు అంగుళాలకు మించకూడదన్న హద్దు ఉండేది. అంటే ఐదంగుళాల పొడవు, ఐదంగుళాల వెడల్పు. మామిడి తోరణం అందులో ఇమడదు. 2021లో ఆ హద్దు తీసేసి, ఇంటి ఆవరణ మొత్తానికీ ఆ హక్కును విస్తరించారు. ఈ రోజు మన గుమ్మానికి తోరణం ఉందంటే ఎవరో రాష్ట్ర రాజధాని ఆస్టిన్ దాకా వెళ్లి అడిగారు కాబట్టే. అయితే ఆ హక్కు మన ఇంటి వరకే. అందరి ఉమ్మడి స్థలమైన చెరువుకు అది వర్తించదు. అక్కడ చట్టం కాదు, మాట్లాడుకోవడమే దారి.

హెచ్‌ఓఏలను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. వాటి చేతిలో ఉన్న అధికారం భయపెట్టేదే. 2008లో మన ఫ్రిస్కో నగరంలోనే ఒక సైనికాధికారి ఇరాక్‌లో విధుల్లో ఉండగా, వెయ్యి డాలర్ల లోపు బకాయికి ఆయన ఇంటిని వేలం వేశారు. మూడు లక్షల డాలర్ల ఇల్లు 3,500 డాలర్లకు పోయింది. దావా వేసి, రాజీ కుదిరాక గానీ ఆ కుటుంబానికి ఇల్లు దక్కలేదు. 2011లో టెక్సాస్ శాసనసభ ఆ పద్ధతికి కళ్లెం వేసి, కోర్టు ఉత్తర్వు లేకుండా డ్యూస్ బకాయికి ఇల్లు వేలం వేయకూడదని నిర్ణయించింది. ఇంకా వెనక్కి వెళితే ఈ దేశంలో ఎన్నో చోట్ల ఇళ్ల దస్తావేజుల్లోనే నల్లవారికీ ఆసియావాసులకూ అమ్మరాదని రాసుకునేవారు. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. కనుక వివక్ష అన్న అనుమానం మనవాళ్లకు ఊరికే రాలేదు. ఉత్తరం అందగానే గుండె జల్లుమనడానికి కారణాలున్నాయి.

కానీ ఆ అనుమానాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో హెచ్‌ఓఏ బోర్డు సమావేశంలో చూశాను. జరిమానా నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజుల్లోగా విచారణ కోరే హక్కు మనకుంది. కోరాను. గ్రూపులో అంత కోపంగా రాసినవారిలో ఒక్కరూ రాలేదు. మా కాలనీలో దాదాపు నాలుగు వందల ఇళ్లుంటే వందకు పైగా తెలుగువాళ్లవే. ఆ రాత్రి అక్కడ కూర్చున్న తెలుగువాళ్లం అమ్మా, నేనూ. అంతే.

బోర్డులో ఐదుగురు. వాళ్లకు జీతం లేదు. కోశాధికారి డెబ్బై దాటిన ఆవిడ, రంగు పెన్సిళ్లతో గీతలు గీసిన బడ్జెట్ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. నేను తీగ గురించి దాచకుండా చెప్పాను. మోటారు ఖర్చులో మా వాటా కడతామన్నాను. అమ్మ తన ఫోనులో హన్మకొండ బతుకమ్మల ఫోటోలు చూపించింది. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసి, “ఇంత అందమైన పండుగ మా వీధిలో ఇన్నేళ్లుగా జరుగుతోందని మాకు ఎవరూ చెప్పలేదే” అంది. ఆ మాట ఉత్తరం కంటే ఎక్కువగా గుచ్చుకుంది. పదమూడేళ్లలో మనం ఒక్కసారి కూడా వాళ్లను పిలవలేదు.

ఓటింగ్ పెట్టారు. ఆవిడా ఇంకొకరూ మాకు అనుకూలంగా, ముగ్గురు వ్యతిరేకంగా. నిషేధం అలాగే ఉంది. ఒకే ఒక్క ఓటు తేడా.

మా నాన్న హన్మకొండలో కాలనీ సంక్షేమ సంఘానికి చాలా ఏళ్లు కార్యదర్శిగా ఉన్నారు. ఆదివారం పొద్దున్నే రసీదు పుస్తకం చంకన పెట్టుకుని కాపలాదారు జీతం కోసం ఇంటింటికీ తిరిగేవారు. నేనూ వెంట వెళ్లేదాన్ని. లోపల టీవీ మోగుతూనే ఉండేది, పిల్లవాడు బయటికి వచ్చి “నాన్న ఊళ్లో లేరు” అనేవాడు. తగ్గిన డబ్బు నాన్న జేబులోంచి వేసేవారు. ఆ ఇళ్ల వాళ్లే పెళ్లి విస్తరాకులు మురిక్కాలువలో పడేసి, నీళ్లు ఎదురు తన్నితే సంఘాన్ని తిట్టేవారు. ఆ వీధిని నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. ఎవరింట్లో చావు జరిగినా ఆ పూట వీధి వీధంతా పొయ్యి వెలిగించని ఊరు మాది. పిల్ల పెళ్లికి దారికి అడ్డంగా షామియానా వేస్తే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ ఉమ్మడి పని అంటే మరొకరి పని అనుకోవడం కూడా ఆ వీధి నుంచే తెచ్చుకున్నాం. సంక్రాంతి సంబరాలకు టిక్కెట్లు చాలవు. కాలనీ వార్షిక సమావేశానికి మాత్రం ఏటా కోరం చాలదు.

ఈ శరదృతువులో మా వార్షిక సమావేశం ఉంది. బోర్డులో రెండు స్థానాలు ఖాళీ అవుతున్నాయి. ఒకదానికి నేను పేరు ఇచ్చాను, రెండోదానికి మనలో ఎవరైనా ముందుకు రావాలి. డ్యూస్ బకాయి ఉన్నా మీ ఓటు హక్కు పోదు, ఆ సంకోచం వద్దు. రాలేనివారు తమ బదులు మరొకరు ఓటు వేసేందుకు ఇచ్చే ప్రాక్సీ పత్రం మీద సంతకం చేస్తే చాలు. మీది వేరే కాలనీ అయితే అక్కడి బోర్డు సమావేశం ఎప్పుడో ఈ వారమే కనుక్కోండి. అవి ఇంటి యజమానులందరికీ తెరిచి ఉండేవే.

అమ్మ వెళ్లేముందు మా పెరట్లో గుమ్మడి గింజలు నాటింది. తీగ ఇప్పుడు కంచెదాకా పాకింది. ఈసారి బతుకమ్మలకు అడుగున పరచడానికి ఎన్ని ఆకులు కావాలన్నా కోసుకోండి.

వచ్చే శనివారం పొద్దున ప్రాక్సీ పత్రాలు తీసుకుని ఇంటింటికీ వస్తాను. దయచేసి తలుపు తీయండి.